బాబాయ్, ఆ నంబరు చదవండి

మా ఉయ్యూరు ప్రాంతంలో పెద్దవయసు డ్రైవరంటే కారు నడిపేవాళ్లు తక్కువే. టీవీఎస్ ఎక్సెల్ వెనక పచ్చిగడ్డి మోపు కట్టుకుని కాటూరు నుంచో గండిగుంట నుంచో వచ్చే డెబ్బై ఏళ్ల రైతులే ఎక్కువ. పొలానికెళ్లాలన్నా, పాలు పోసి రావాలన్నా, బీపీ మాత్రలు తెచ్చుకోవాలన్నా వాళ్లకి ఆ బండే దిక్కు. అలాంటాయన్ని పట్టుకుని "ఇంక బండి మానెయ్" అనడం తేలిక. మానేస్తే ఆయన రోజెలా గడుస్తుందో కూడా ఆలోచించాలి కదా.

ప్రమాదం మాత్రం నిజమే. బందరు రోడ్డు నాలుగు వరుసలయ్యాక వేగం పెరిగింది. మెడ పట్టేసిన పెద్దాయన వెనక్కి తిరిగి చూడలేడు. డివైడర్ సందు దూరమని రాంగ్ రూట్లో వస్తాడు. శుక్లాలున్న కంటికి ఎదుటి లారీ హైబీమ్ పడిందంటే ముందున్నదేదీ కనిపించదు. చెరకు సీజన్లో ట్రాక్టరు ట్రక్కుకి వెనక లైటుండదు. కోతల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ పెట్టిన రాళ్లు తీయకుండానే ఇంటికి పోతారు. కుర్రాడు ఆఖరి క్షణంలో తప్పించుకుంటాడు, పెద్దాయనకి ఆ క్షణం చాలదు.

పోలీసులు చేయగలిగింది ఇక్కడ చాలా ఉంది. ఒకసారి సెంటర్లో ఒక కానిస్టేబుల్ ఎక్సెల్ ఆపి చలానా మిషన్ బయటికి తీయలేదు. ఎదురుగా కాస్త దూరంలో ఆగివున్న ఆటో చూపించి, "బాబాయ్, ఆ నంబరు చదవండి" అన్నాడు. పెద్దాయన కళ్లు చిట్లించి మొదటి రెండక్షరాలు చెప్పి ఆగిపోయాడు. "పగలే ఇట్టా ఉంటే రాత్రిపూట ఎట్టా వస్తున్నారండీ? ముందు కళ్లు చూపించుకోండి. చీకటి పడ్డాక బండి తీయకండి." పెద్దాయన ఎదురు చెప్పలేదు, తలూపాడు. అదే మాట కొడుకంటే ఇంట్లో గొడవయ్యేది. యూనిఫాంలో ఉన్న మనిషి బాబాయ్ అని పిలిచి చెబితే చెవికెక్కుతుంది.

ఆ పరీక్ష రూల్సులో ఉన్నదే. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి నంబర్ ప్లేటు చదవగలడా అని లైసెన్సు మెడికల్ ఫారంలోనే అడుగుతారు. యాభై అయిదు దాటినవాళ్లకి లైసెన్సు అయిదేళ్లకే ఇస్తారు. జబ్బు వల్ల నడపలేడనిపిస్తే మళ్లీ డాక్టరు సర్టిఫికెట్ తెమ్మని అడిగే అధికారం మోటారు వాహనాల చట్టం 16వ సెక్షన్ రవాణా అధికారికి ఇచ్చింది. రోడ్డు మీద ముందుగా చూసేది పోలీసే కాబట్టి ఆ అధికారికి తెలియజేయాల్సిందీ పోలీసే. లైసెన్సు జోలికే పోని పెద్దలు ఊళ్లలో ఎంతోమంది. వాళ్ల సంగతి కాగితం మీద తేలదు, మనిషిని ఆపి మాట్లాడాల్సిందే.

జపాన్‌లో లైసెన్సుల పని చూసేది పోలీసులే. 75 దాటినవాళ్లకి రెన్యువల్‌కి ముందు జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. 2019లో టోక్యోలో 87 ఏళ్లాయన కారు కింద పడి తల్లీ, చిన్నారి కూతురూ చనిపోయాక, ఆ ఒక్క ఏడాదే సుమారు 6 లక్షల మంది తమంతట తాము లైసెన్సులు తిరిగిచ్చేశారు. అలా ఇచ్చినవాళ్లకి చాలా ఊళ్లు బస్సు చార్జీ తగ్గిస్తాయి. మన ఆర్టీసీ కూడా అరవై దాటినవాళ్లకి 25 శాతం రాయితీ ఇస్తోంది. కాకపోతే పొలం గట్టు దాకా బస్సు రాదు. అందుకే నా దృష్టిలో బండి మాన్పించడం ఆఖరి మాట. కన్ను, హెల్మెట్, పగటి ప్రయాణం ముందు మాటలు.

జనవరిలో రోడ్డు భద్రతా మాసం వస్తుంది. ఎస్సై గారూ, ఈసారి ర్యాలీతో సరిపెట్టకండి. సెంటర్లో ఒక కంటి డాక్టర్ని కూర్చోబెట్టండి. చెరకు ట్రక్కులన్నిటికీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించండి. చీకటి పడేలోపు రోడ్డు మీద రాళ్లు తీయించండి.