రెండున్నర రోజుల మాంట్రియల్

పోయిన వారం ఒక స్నేహితుడు మెసేజ్ పెట్టాడు. "మీ అమ్మగారిని తీసుకుని మాంట్రియల్ వెళ్ళొచ్చావు కదా, ఏదో షీట్ వేసుకున్నానన్నావు, పంపించు. మాకు ఒక్క లాంగ్ వీకెండే ఉంది." పంపిద్దామని ఫైల్ తెరిచాను. మొత్తం 31 వరసలు. టైమ్, చోటు, ఎలా వెళ్ళాలి, మెట్లెన్ని, బాత్రూమ్ ఎక్కడ, తినడానికేముంది: ఇవీ కాలమ్స్. పైనుంచి చూసుకుంటూ వచ్చి 27వ వరస దగ్గర ఆగాను. సోమవారం మధ్యాహ్నం 2 గంటలు. పార్క్ లా ఫాంటేన్, చెరువు పక్కన బెంచీ. ఏం చెయ్యాలి అన్న చోట రెండే మాటలు: "ఇంటి సంగతి."

ఆ వరస అతనికి పంపలేను. కానీ నేను ఆ షీట్ వేసిందే ఆ ఒక్క వరస కోసం. మిగతా ముప్ఫయ్యీ దాని చుట్టూ కట్టిన పందిరి.

ఇంటి సంగతి అంటే ఒంగోలు ఇల్లు. నాన్న పోయి రెండేళ్ళు దాటింది. ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. అక్కా నేనూ వీడియో కాల్‌లో తేల్చేసుకున్నాం: ఇల్లు అమ్మేద్దాం, అమ్మ ఆరు నెలలు నా దగ్గర టొరాంటోలో, ఆరు నెలలు అక్క దగ్గర బెంగళూరులో. లోడ్ బాలెన్సింగ్ అన్నమాట. ఒక బేరం కూడా వచ్చింది. మిగిలిందల్లా అమ్మకు చెప్పడమే. అమ్మ అప్పుడు నా దగ్గరే ఉంది, ఐదో నెల నడుస్తోంది. ఇంట్లో ఆ మాట ఎత్తబోయినప్పుడల్లా కుక్కర్ కూత వేసేది, లేకపోతే మావాడు వచ్చి ఏదో అడిగేవాడు. నిజం చెప్పాలంటే నాకు ధైర్యం చాలలేదు. ఊరు మారితే నోరు పెగులుతుందేమో అనుకున్నాను.

నయాగరా మొదటి నెలలోనే అయిపోయింది. టొరాంటోలో దిగిన ప్రతి తెలుగు అమ్మానాన్నలకీ అది మొదటి మొక్కు. రెండోది మాంట్రియల్ అనుకున్నా. రైల్లో ఐదు గంటల పైచిలుకు, కారు నడిపే పని లేదు, అమ్మకు రైలంటే ఇష్టం. జూలై 1 కెనడా డే, సోమవారం పడింది. శనివారం పొద్దున రైలెక్కితే సోమవారం సాయంత్రం తిరుగు రైలు. మా ఆవిడకి ఆ వారం ఆన్‌కాల్, బాబు తనతో ఉండిపోయాడు. అమ్మా, నేనూ, షీటూ.

షరతులు ముందు రాసుకున్నాను. అమ్మ మోకాళ్ళు అరిగాయి, కాబట్టి మెట్లు తక్కువుండాలి. మాంసం తినదు. అక్కడి పేరుమోసిన వంటకం పూటీన్, వేయించిన బంగాళాదుంప ముక్కల మీద జున్నులాంటి చీజ్ ముద్దలు వేసి వేడి గ్రేవీ పోస్తారు. ఆ గ్రేవీ మామూలుగా మాంసం ఉడికించిన నీళ్ళతో చేసింది, కాబట్టి అడక్కుండా తినకూడదు. మెట్రో సులువు. 1966లో మొదలైంది, మొత్తం నేల కిందే నడుస్తుంది, చక్రాలకు రబ్బరు టైర్లు, కుదుపు తక్కువ. కానీ అన్ని స్టేషన్లకీ లిఫ్టు లేదు. అందుకే మెట్ల కాలమ్.

నాకింకో జబ్బుంది. ఏ ఊరెళ్ళాలన్నా ఆ ఊరి పుస్తకం ఒకటి చదవకపోతే వెళ్ళినట్టుండదు. ఈసారి మిషెల్ ట్రెంబ్లే నాటకం "లే బెల్ సర్" తెచ్చుకున్నాను, ఇంగ్లిష్ అనువాదం. 1968లో మాంట్రియల్‌లో మొదటిసారి ఆడారు. జెర్మేన్ అనే ఒక కార్మికవాడ గృహిణికి బహుమతిగా పది లక్షల ట్రేడింగ్ స్టాంపులొస్తాయి. వాటిని పుస్తకాల్లో అంటిస్తే సామాన్లిస్తారు. అంటించడానికి అక్కచెల్లెళ్ళనీ ఇరుగుపొరుగునీ వంటింట్లోకి పిలుస్తుంది. పదిహేను మంది ఆడవాళ్ళు, ఒక్క మగపాత్ర లేదు. వాళ్ళు అంటిస్తూనే, కబుర్లాడుతూనే స్టాంపులు కొట్టేస్తుంటారు. గొడవైంది కథ గురించి కాదు, భాష గురించి. పాత్రలన్నీ "జువాల్" మాట్లాడతాయి, అంటే మాంట్రియల్ కార్మికవాడల ఫ్రెంచి. స్టేజీ మీద ఇదేం భాష అని పెద్దలు మండిపడ్డారు. మనకు కొత్తగా చెప్పాలా? గిడుగు రామమూర్తి గురించి చదువుకున్నవాళ్ళం.

కానీ ఇంగ్లిష్‌లో చదువుతుంటే ఆ గొడవ నా చెవికి అందలేదు. మాటలన్నీ అర్థమవుతున్నాయి, యాస లేదు. ఉప్పు లేని పప్పులా ఉంది. స్కాట్లాండ్‌ వాళ్ళు దాన్ని తమ యాసలోకి "ది గిడ్ సిస్టర్స్" అని చేసుకున్నారు, అదే సరైన పద్ధతేమో. ఇది తెలుగులోకి వస్తే ఏ ఊరి తెలుగులోకి రావాలి? రైల్లో ఈ సంగతంతా అమ్మకు చెప్పాను. అమ్మ కథ వరకూ శ్రద్ధగా విని, "మన వీధిలో చీటీల రాజ్యలక్ష్మిని చూసి రాశాడా ఏంటి?" అంది. ఒంగోలు తెలుగులోకే రావాలని అప్పుడు తేలిపోయింది.

శనివారం మధ్యాహ్నం దిగాం. హోటల్లో బ్యాగులు పడేసి ఓల్డ్ మాంట్రియల్, నోత్ర్ దామ్ బసిలికా. 1829లో తెరిచిన చర్చి. లోపల కప్పంతా ముదురు నీలం, దాని మీద బంగారు చుక్కలు. (మీరు ప్లాన్ చేసుకుంటే ఆదివారం పొద్దున పెట్టుకోకండి, ప్రార్థనలుంటాయి.) బయట ప్రతి కూడలిలో ఎర్ర బోర్డు మీద స్టాప్ బదులు "అరే" అని ఉంది. ఫ్రెంచిలో ఆగమని. ఫ్రాన్స్‌లో కూడా ఆ బోర్డు మీద స్టాప్ అనే ఉంటుంది, ఇక్కడ మాత్రం ఉండదు. ఏ కొట్లోకెళ్ళినా "బోంజూర్, హాయ్" అని రెండు భాషల్లో పలకరిస్తారు. 2017లో క్యుబెక్ శాసనసభ, ఒక్క బోంజూర్ చాలు, ఆ హాయ్ వద్దు అని దుకాణదారులను కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మొదట చదివినప్పుడు నవ్వొచ్చింది. ఆ వీధుల్లో నడుస్తుంటే అంత నవ్వు రాలేదు. 1977లో 101వ చట్టం వచ్చింది, బోర్డుల్నించి బడుల దాకా ఫ్రెంచిని నిలబెట్టారు. ఆ రోజుల్లోనే ఎన్నో ఇంగ్లిష్ కుటుంబాలు, కంపెనీలు టొరాంటో దారి పట్టాయి. అప్పటిదాకా కెనడాలో అతి పెద్ద ఊరు మాంట్రియలే. పెద్దరికం పోయింది, భాష మిగిలింది. మా ఇంట్లో ఆరేళ్ళవాడు నానమ్మ తెలుగులో అడిగినదానికి ఇంగ్లిష్‌లో జవాబు చెప్తాడు. అమ్మ తలూపుతుంది. సగమే అర్థమైందని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున జాన్ తలోన్ మార్కెట్. 1933 నుంచీ ఉన్న కూరగాయల బజారు. షీట్‌లో దీనికి నలభై నిమిషాలిచ్చాను. రెండు గంటలు పట్టింది. అమ్మ ప్రతి గంప దగ్గరా ఆగి టమాటాలు నొక్కి చూసింది, చిక్కుళ్ళు విరిచి చూసింది. ఒక పెద్దాయన స్ట్రాబెర్రీ ముక్క చేతిలో పెట్టి ఫ్రెంచిలో ఏదో అన్నాడు. అమ్మ తెలుగులో "పుల్లగా లేవులే, బాగున్నాయి" అంది. ఆయన ఇంకోటిచ్చాడు. ఐదు నెలల్లో నేను లేకుండా అమ్మ ఇంకొకరితో మాట్లాడటం అదే మొదటిసారి చూడటం. అక్కణ్ణించి సెయింట్ వియాటర్ వీధిలో బేగెల్. తేనె కలిపిన నీళ్ళలో ఉడికించి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. "చిల్లుంది గానీ గారె కాదు," అని అమ్మ తీర్పు. రెండు తింది.

మధ్యాహ్నం సెయింట్ జోసెఫ్స్ ఒరేటరీ. మాంట్ రాయల్ కొండ వాలు మీద పెద్ద గుమ్మటం గుడి. ఎదురుగా ఉన్న కాలేజీలో ద్వారపాలకుడిగా పనిచేసిన బ్రదర్ ఆంద్రే దీనికి మూలపురుషుడు. 2010లో సెయింట్ అని ప్రకటించారు. కాళ్ళు బాగయ్యాయని భక్తులు వదిలేసిన చంకకర్రలు లోపల వరసలుగా వేలాడుతుంటాయి. కింద నుంచి 283 మెట్లు. షీట్‌లో దీని ఎదురుగా ఎర్ర రంగు వేసి "లోపల నుంచి లిఫ్ట్" అని రాసుకున్నాను. కానీ టాక్సీ మమ్మల్ని కిందే దింపింది.

మెట్ల వరస మధ్యలో 99 చెక్క మెట్లు, మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళకు మాత్రమే. ఒకావిడ ఎక్కుతోంది. ఒక్కో మెట్టు మీదా ఆగి పెదాలు కదుపుతోంది. అమ్మ చాలాసేపు చూసింది.

"మన మోకాళ్ళ మెట్టు," అంది. తిరుమలకు అలిపిరి దారిలో నడిచెళ్ళినవాళ్ళకు తెలుసు.

"నువ్వెక్కావా ఎప్పుడైనా?"

"మోకాళ్ళ మీదే ఎక్కా. నీకు వీసా రావాలని."

నాకు తెలీదు. ఏమనాలో తోచక, "ఇక్కడ ఎక్కుతావా మరి?" అని ఒక పిచ్చి జోకు వేశాను.

"నాకేం మొక్కుందిక్కడ? లిఫ్టెక్కడో చూడు," అంది. వంగి మొదటి చెక్క మెట్టును తాకి, చెయ్యి కళ్ళకద్దుకుంది.

ఆ సాయంత్రం 11వ నంబరు బస్సులో మాంట్ రాయల్ పైకెళ్ళాం. ఊరికి పేరిచ్చిన కొండ. 233 మీటర్లే. కానీ డౌన్‌టౌన్‌లో ఏ భవనమూ దీన్ని మించి లేవకూడదని నియమం. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ వేసిన ఓమ్‌స్టెడ్డే ఈ పార్కుకీ ప్లాన్ గీశాడు, 1876లో తెరిచారు. పైన కొండియరాంక్ అనే హ్యూరాన్ నాయకుడి పేరుతో ఉన్న గట్టు మీద నిలబడితే ఊరూ నదీ అన్నీ కనిపిస్తాయి. మాట ఎత్తడానికి అంతకంటే మంచి చోటు లేదు. కానీ షీట్‌లో అది సోమవారానికి ఉంది. ఇంజనీర్లకు ఇదొక వెసులుబాటు. పిరికితనానికి షెడ్యూల్ అని పేరు పెట్టుకోవచ్చు.

సోమవారం పొద్దున ప్లాటో పేట. అక్కడ ఇళ్ళకు మెట్లు బయట ఉంటాయి, ఇనప మెట్లు, మెలికలు తిరిగి పై వాటా దాకా వెళ్తాయి. ఫొటోలకని పెట్టుకున్నాను. వెళ్ళి చూస్తే వీధి నిండా లారీలు, పరుపులు, ఫ్రిజ్‌లు. కాలిబాట మీద సోఫాలు. ఒక కుర్రాడు సైకిల్ వెనక ట్రాలీలో పుస్తకాల అట్టపెట్టెలు కట్టుకుని పోతున్నాడు. దేశమంతా కెనడా డే అంటే మాంట్రియల్‌లో జూలై 1 ఇళ్ళు మారే రోజు. అద్దె ఒప్పందాలు చాలావరకు జూన్ 30తో ముగుస్తాయి. ఒకప్పుడు మే 1న మారేవాళ్ళు. బడి మధ్యలో పిల్లలకు ఇబ్బందని 1970ల్లో వేసవికి జరిపారు. ఇంత చదివినవాణ్ణి, ఇదెక్కడా చదవలేదు.

అమ్మకు మాత్రం పండగలా ఉంది. ఒక మెట్టు మీద కూర్చుని చూడటం మొదలుపెట్టింది. ఎదురింట్లోంచి ముగ్గురు కలిసి ఒక బీరువా దింపుతున్నారు. ఆ మెలిక దగ్గర అది ఇరుక్కుంది. ఒక ముసలావిడ కింద నిలబడి చేత్తో ఇటు, అటు అని చూపిస్తోంది. "తలుపులు ఊడదియ్యమను," అని అమ్మ నాతో అంది. నేను చెప్పేలోగా వాళ్ళే ఊడదీశారు.

"అందరూ ఒకేరోజు ఎందుకురా?" అంది. చెప్పాను. కాసేపు ఆలోచించింది.

"వీళ్ళు ఇళ్ళే మారుతున్నారు. ఊరు మారట్లేదు కదా," అంది.

రెండింటికి పార్క్ లా ఫాంటేన్‌లో, చెరువు పక్కన బెంచీ దొరికింది. ప్లాన్ ప్రకారం నేను గొంతు సవరించుకున్నాను.

"అక్క చెప్పిందిలే," అంది అమ్మ, నీళ్ళ వైపే చూస్తూ. "నెల క్రితమే చెప్పింది. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

నేనేం మాట్లాడలేదు.

"ఆరు నెలలు దాని దగ్గర, ఆరు నెలలు నీ దగ్గర. అంటే ఏడాదికి రెండుసార్లు నాకు జూలై ఒకటి."

"ఒక్కదానివే ఎలా ఉంటావమ్మా? రాత్రిపూట ఏమన్నా అయితే?"

"అవ్వచ్చు. ఇక్కడైనా అవ్వచ్చు. అక్కడ గోడవతల కేకేస్తే పలికే మనిషుంది. ఇక్కడ కేకేసి ఏమని చెప్పను, ఏ భాషలో చెప్పను?" కాసేపాగి అంది, "చేతనైనన్నాళ్ళు ఉంటా. చేతకాని రోజు నేనే చెప్తా. అప్పుడు వెయ్యి నీ షీటు."

తిరుగు రైల్లో అమ్మ నిద్రపోయింది. నేను బేరం వద్దని అక్కకు మెసేజ్ పెట్టాను. ఇదేదో చక్కటి ముగింపు అనుకోకండి. అమ్మ ఒంగోలులో ఉంది, మోకాళ్ళు ఇంకా నొప్పే, మనవడు ఇంకా ఇంగ్లిషే. రాత్రి పదిన్నరకి ఫోన్ చేస్తే అక్కడ పొద్దు. రెండు రింగులకు ఎత్తకపోతే నాకు కడుపులో తిప్పుతుంది. అక్క ఇప్పటికీ నాదే తప్పంటుంది. తనన్నది కాదని చెప్పే లెక్క నా దగ్గర లేదు.

స్నేహితుడికి షీట్ పంపాను. మార్కెట్‌కి నలభై నిమిషాలు తీసి రెండు గంటలు పెట్టాను. జూలై 1న వెళ్తే ప్లాటో వైపు కారు తీసుకెళ్ళొద్దని రాశాను. 27వ వరసలో టైమూ చోటూ ఉంచి, రెండు మాటలు తీసేశాను.

అరగంటకే జవాబొచ్చింది. "సోమవారం రెండింటికి ఏమీ రాయలేదు. ఏదో మిస్సయినట్టుంది?"

"లేదు, అలాగే ఉండనీ," అన్నాను.