మైపాటి సముద్రమునకు పంచాంగ మేల?

నెల్లూరికి తూర్పున ఇందుకూరుపేట మండలములో, బంగాళాఖాతపు టొడ్డున మైపాడను గ్రామము గలదు. కార్తిక పూర్ణిమనాడు తెల్లవారకమునుపే అచటి యిసుకలో కాలు మోప సందుండదు. ఒక కార్తికమున మా యత్తగారితోను, ఆరేండ్ల మా చిన్నవానితోను నేనును పోయితిని.

పర్వదినమున దప్ప సముద్రమును ముట్టరాదని పెద్దల నియమము. మా యత్తగారి కిందు పట్టుదల మెండు. ఒడ్డున వల బాగుచేసికొనుచున్న జాలరి స్త్రీని జూచి, "నీవు దినమును ముట్టుచుందువు గదా, దోషము లేదటమ్మా?" యని యడిగిరి. "ముట్టకుంటే మాకు దినము గడవదమ్మా" యని యామె నవ్వినది. ఆమాటకు మాయొద్ద బదులు లేదు. ఆ వృత్తికిని విరామము గలదు. ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు తూర్పుతీరమున మరపడవలు వేటకు బోరాదు. అది చేపలు గ్రుడ్లు పెట్టు కాలము. ప్రభుత్వమువారు చేపలకు పురిటి సెలవిచ్చి, జాలరులచే ఉపవాస మొనర్పించుచున్నారన్నమాట!

తిథుల తగవు మనకే గలదని చింతింప నక్కరలేదు. 1752లో ఇంగ్లండువారు క్రొత్త పంచాంగమును గైకొనగా సెప్టెంబరు 2 మరునాడే 14వ తేది యయ్యెను. నడుమ బుట్టినవారికి ఆ యేడు పిండివంటలు లేవు గాబోలు! రష్యావారి అక్టోబరు విప్లవపు టుత్సవము నవంబరు 7న జరిగెడిది. మన నెల్లూరి స్వర్ణాలచెరువు నొద్ద రొట్టెల పండుగ మొహరము వెంట ఏటేట ఇంచుమించు పదునొకండు దినములు ముందునకు జరుగును. మనుజులు తేదులను జరుపుకొందురు; సముద్రము చంద్రుని దప్ప నెవ్వరి మాటయు వినదు.

పూర్ణిమకును అమావాస్యకును సూర్యచంద్రులును భూమియు నొక్క వరుసకు వచ్చుటచే పోటు మిక్కిలి పెరుగును. అనగా మనము స్నానమునకు బోవు దినమే సముద్రమును పండుగ జేసికొనును. 2004 డిసెంబరు 26 పూర్ణిమయే, ఆదివారమే, క్రిస్మసు మరునాడే. ఆనాటి సునామీ సుమత్రా భూకంపమువలన బుట్టినదే గాని చంద్రునివలన గాదు; అయినను సెలవుదినమని యది యెవ్వరిని మన్నింపలేదు. నెల్లూరు తీరమునను ప్రాణములు పోయినవి.

ఆ యుదయమున మా యత్తగారు సముద్రమునకు వీపు పెట్టి, తిథి యింకెంత యున్నదో యని పంచాంగము విప్పిరి. "వీపు పెట్టకండమ్మా!" యని జాలరి స్త్రీ కేకవేయునంతలో అల వచ్చి పడినది. పిల్లవాని కాళ్లక్రింది యిసుక జారినది, వాడు బోర్లపడెను. నా చేయి జారినది. ఆమె యొక్క దుముకున వచ్చి వాని జబ్బ పట్టి యొడ్డునకు లాగెను. నాకు చాలసేపటివరకు మాట రాలేదు.

సోదరులారా యనను, సోదరీమణులారా యనియే వేడుచున్నాను. పిల్లల చేయి పట్టుకొని పోవువారము మనమే గదా. మోకాలిలోతు దాటకుడు. అలకు వీపు పెట్టకుడు. స్నానమునకు దిగుటకు ముందు, దినమును సముద్రమును ముట్టువారి నొకమాట యడుగుడు.

పంచాంగము మాత్రము దక్కలేదు. "పోనిమ్ము, అమ్మాయీ, తిథి చూచుకొనుటకు సముద్రుడే తీసికొనిపోయినాడు" అనిరి మా యత్తగారు. చెంబెడు నీళ్లతో ఒడ్డుననే కూర్చుండి వారు స్నానము ముగించిరి. పుణ్య మేమాత్రమును తగ్గలేదట.