ముక్కును నమ్ముకున్న వంటిల్లు

వంటగ్యాస్‌కి సొంత వాసన లేదు. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఆ ఇంధనం పక్కనే లీకవుతున్నా మన ముక్కుకు జాడ తెలియదు. మనం గ్యాస్ వాసన అనుకునేది తర్వాత కావాలని కలిపే ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే రసాయనానిది. గ్యాస్‌కి వాసన కలపడం చట్టంగా మారడానికి ఒక ఘోరం కారణం. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊళ్లో, బడి కింద సహజవాయువు లీకై పేరుకుంది. వాసన లేకపోవడంతో ఎవరూ పసిగట్టలేకపోయారు. ఒక్క నిప్పురవ్వకు బడి కూలి దాదాపు 300 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే వాసన తప్పనిసరి అయింది. గాలిలో మంట అంటుకునే మోతాదులో అయిదోవంతు చేరేసరికే వాసన తెలిసిపోవాలన్నది ఈ ఏర్పాటు వెనకున్న లెక్క. అది ఇప్పటిదాకా కాపాడిన ప్రాణాలకు లెక్కే లేదు. అయితే ఆ లెక్క సరిపోవాలంటే ఇంట్లో ఉన్న మనిషి మెలకువగా ఉండాలి, అతని ముక్కు సరిగా పనిచేయాలి. కాలిన గాయాలతో వచ్చేవాళ్లను చూసే వైద్యుడిగా నేను చెప్పదలచుకున్నది ఇదే: మన ఇళ్లలో గ్యాస్ భద్రత భారమంతా ముక్కు మీద వేసేశాం, ఆ భారం అది మోయలేదు.

హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి ఇళ్లను తలుచుకుంటే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదువుకోవడానికి జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో ముగ్గురూ నలుగురూ సర్దుకుంటారు. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనో స్టడీ హాల్లోనో గడిపి, రాత్రికి గదికి చేరి అన్నం వండుకుంటారు. పొయ్యి, గ్యాస్ బండ, పుస్తకాలు, పరుపులు అన్నీ ఆ నాలుగు గోడల మధ్యే. దోమల కోసం కిటికీ మూసేస్తారు, తలుపు కింది సందులో గుడ్డ కుక్కుతారు. వంటగ్యాస్ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నీళ్లలా పల్లానికి జారి నేలబారున పరుచుకుంటుంది. ఆ నేల మీదే పిల్లలు పడుకుని ఉంటారు. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గది తీసుకుందాం. గాలిలో గ్యాస్ రెండు శాతానికి కాస్త తక్కువగా ఉన్నా మంట పడుతుంది. గది మొత్తం ఆ స్థాయికి రావాలంటే కిలోకి పైగా గ్యాస్ కావాలి, కానీ నేల నుంచి అడుగు ఎత్తు వరకు రావడానికి సుమారు 130 గ్రాములు చాలు. 14.2 కిలోల బండలో అది నూరోవంతు కూడా కాదు. అర్ధరాత్రి టీ పొంగి మంట ఆరిపోయి, బర్నర్ తెరిచే ఉండిపోతే ఇంచుమించు గంటలో అంత గ్యాస్ బయటికి వచ్చేస్తుంది. ఫ్యాన్ తిరుగుతుంటే కొంత కలిసి పలచబడుతుంది. కరెంటు పోయిన రాత్రి ఆ కాస్త సాయమూ ఉండదు.

ఈ లెక్క కాగితం మీద వేసింది మాత్రమే కాదు, కాలిన ఒంటి మీద కూడా కనిపిస్తుంది. బండ పేలిందని చెప్పి తీసుకొస్తారు గానీ చాలాసార్లు బండ చెక్కుచెదరకుండా ఉంటుంది. పేరుకున్న గ్యాస్ ఒక్కసారిగా భగ్గుమని, క్షణాల్లో మండి ఆరిపోతుంది. నిలబడి ఉన్న మనిషికి ముఖం, చేతులతో పాటు మడమల నుంచి మోకాళ్ల దాకా కాలుతుంది. గ్యాస్ ఏ ఎత్తున ఆగిందో ఆ గాయాలే చెబుతాయి. నైలాన్ నైటీ అంచు కరిగి చర్మానికి అతుక్కుంటే గాయం ఇంకా లోతుకు పోతుంది. మోకాళ్ల కింద రెండు కాళ్లూ చుట్టూ కాలితేనే ఒంట్లో అయిదోవంతు చర్మం పోయినట్టు. అంతమేర కాలితే సెలైన్ ఎక్కించక తప్పదు. ముక్కులో వెంట్రుకలు మాడి, గొంతు బొంగురుపోయిందంటే లోపల శ్వాసనాళం కూడా వేడికి దెబ్బతింది. పైకి పెద్ద గాయం కనిపించకపోయినా కొన్ని గంటల్లో అది వాచి ఊపిరి ఆగవచ్చు. అందుకే అలాంటివాళ్లను ఇంట్లో ఉంచకూడదు. 2023 జూలైలో అశోక్‌నగర్‌కి ఆనుకునే ఉన్న దోమలగూడలో గ్యాస్ మంటలకు ఒకే ఇంట్లో పలువురు కాలిపోయారు. వాళ్లలో కొందరు ఆ తర్వాతి రోజుల్లో ఆసుపత్రిలో కన్నుమూశారు. కాలిన గాయం తీరే అంత. మొదటి రోజు స్పష్టంగా మాట్లాడిన మనిషిని వారం తర్వాత ఇన్‌ఫెక్షన్ తీసుకుపోతుంది.

వాసన రాలేదా అని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఒకటే తీరులో ఉంటాయి. నిద్రలో ఉన్నాం అంటారు, జలుబు చేసిందంటారు, వాసన వచ్చింది గానీ కాసేపటికి పోయిందంటారు. వీటిలో ఏదీ సాకు కాదు. మూడూ శరీరధర్మం ప్రకారం నిజాలే. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో నిద్రపోతున్నవాళ్లకు పుదీనా సువాసనా, పిరిడిన్ దుర్వాసనా చూపించి పరీక్షించిన ఫలితాలు 2004లో వచ్చాయి. గాఢనిద్రలో ఉన్నవాళ్లు వాసనకు లేవలేదు, శబ్దానికి లేచారు. చెవి నిద్రలోనూ కాపలా కాస్తుంది గానీ ముక్కు కాయదు. వాసన పోయిందన్నవాళ్ల మాట ఇంకా ఆందోళన కలిగించేది. ఏ వాసనైనా కొన్ని నిమిషాలు అదే పనిగా తగిలితే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. లీకు ఆగిపోయిందని మనిషి అనుకుంటాడు. నిజానికి అప్పటికి గ్యాస్ పెరుగుతూ ఉంటుంది.

వయసు సంగతి వేరే చెప్పాలి. 65 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లలో సగం మందికి పైగా వాసన పట్టే శక్తి తగ్గి ఉంటుందని 1984లో అమెరికా పరిశోధకులు తేల్చారు. చూపు తగ్గితే తెలుస్తుంది, వినికిడి తగ్గితే ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. వాసన తగ్గితే ఆ మనిషికే తెలియదు, కూరలో రుచి లేదని మాత్రం అంటారు. పార్కిన్సన్స్ జబ్బులో చేతులు వణకడానికి ఏళ్ల ముందే ముక్కు మొద్దుబారుతుంది. కోవిడ్ తర్వాత వాసన పూర్తిగా తిరిగిరానివాళ్లు కుర్రవాళ్లలోనూ ఉన్నారు. నారాయణగూడ, చిక్కడపల్లి పాత అపార్ట్‌మెంట్లలో పిల్లలు అమెరికాలో ఉండి, డెబ్బై దాటిన దంపతులిద్దరే మిగిలిన ఇళ్లు ఎన్నో. ఆ ఇళ్లలో తెల్లవారుజామున మొదట లేచేది ఇంటావిడ. వంటింట్లోనే దేవుడి గూడు ఉంటే స్టవ్ కన్నా ముందు దీపం వెలుగుతుంది. లైటు స్విచ్ అంతకన్నా ముందు.

తెల్లవారుజాము మాట ఊరికే అనలేదు. 1997 సెప్టెంబర్ 14 ఉదయం విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో వంటగ్యాస్ లీకై నేలబారున పాకి, తర్వాత అంటుకుని యాభై మందికి పైగా చనిపోయారు. 2014 జూన్ 27న, అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని నగరం అనే ఊళ్లో, గెయిల్ పైపులైను నుంచి లీకైన వాయువు తెల్లవారేవేళ అంటుకుని ఇరవై మందికి పైగా పోయారు. టీ కొట్టులో పొయ్యి వెలిగించడంతో మంట లేచిందని అప్పుడు వార్తలు వచ్చాయి. అది సహజవాయువు, పైగా పెద్ద పైపులైను. మన వంటింటితో దానికి పోలిక తక్కువే. అయినా వరస ఒకటే. రాత్రంతా ఎవరూ కదపకపోవడం వల్ల గ్యాస్ పేరుకుంటుంది, దినచర్య మొదలుకాగానే నిప్పు తగులుతుంది. ఇంట్లో ఎవరూ లేవకపోయినా ఫ్రిజ్ తనంతట తానే ఆన్ అవుతుంది, ఆ రవ్వ చాలు. వాసన రాగానే చాలామంది చేసే మొదటి పని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం. ఉద్దేశం మంచిదే గానీ స్విచ్‌లో రవ్వ పుడుతుంది, పైగా ఫ్యాన్ ఉండేది గోడ పైన, గ్యాస్ ఉండేది నేల మీద. ఆ సమయంలో ఏ స్విచ్చీ వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. బండ దగ్గర రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలతో పాటు నేలదాకా తెరుచుకునే తలుపులు తీసి, అందరూ బయటికి వచ్చాకే 1906కి ఫోన్ చేయాలి. ఆ నంబరు రాత్రీ పగలూ పలుకుతుంది.

కాబట్టి నేను అడిగే మార్పు చిన్నది. రాత్రి చివరి వంట అయ్యాక, ఇల్లు తాళం వేసేముందు, స్టవ్ నాబ్ దగ్గర ఆగకుండా బండ మీది రెగ్యులేటర్ ఆపాలి. లీకు ట్యూబులో ఉన్నా, స్టవ్ నాబ్‌లో ఉన్నా దీనితో అక్కడే ఆగిపోతుంది. ఒక్క బండ వాల్వు లీకు మాత్రం మిగులుతుంది, దానికి డెలివరీ అబ్బాయి ఎదుటే సబ్బునీళ్లతో పరీక్ష చేయించుకోవాలి. ఇందుకు నాకు వినిపించే అభ్యంతరాలు తీసిపారేయదగ్గవి కావు. ముప్పై ఏళ్లుగా ఇలాగే వాడుతున్నాం, ఏమీ కాలేదంటారు. నిజమే, కానీ ఆ ముప్పై ఏళ్లలో ఇంటిని కాపాడిన ముక్కు ముప్పై ఏళ్లు ముసలిదైంది, ట్యూబు రబ్బరు కూడా. స్టీలు తీగ అల్లిన నారింజరంగు సురక్ష ట్యూబునైనా అయిదేళ్లకు మార్చాలి. రోజూ తిప్పితే రెగ్యులేటర్ అరిగిపోతుందంటారు. అది తిప్పడానికే చేసిన వస్తువు, అరిగితే మార్చుకోవచ్చు. మోకాళ్ల నొప్పులతో వంగి వంటగట్టు కిందికి చెయ్యి పెట్టలేమని పెద్దవాళ్లు అంటారు. ఇది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. దీనికి జవాబు పెద్దవాళ్లు వంగడం కాదు, బండను చేతికందే చోటికి జరపడం. గట్టు కింద చెక్క తలుపులు బిగించి బండను దాచే అలవాటు అందానికి బాగుంటుందేమో గానీ, ఆ అర లీకైన గ్యాస్‌కి పెట్టెగా మారుతుంది. తలుపు అడుగున కన్నాలైనా ఉండాలి. గ్యాస్ డిటెక్టర్ పెట్టుకోవడం ఇంకా మంచిది, ఎందుకంటే నిద్రలో పనిచేసే చెవికి అది కబురు చెబుతుంది. కానీ పొగ అలారంలా దాన్ని పైకప్పుకు బిగిస్తే ఉపయోగం లేదు. నేలకు అడుగు ఎత్తులోనే ఉండాలి.

అశోక్‌నగర్ పిల్లల అభ్యంతరం డబ్బు గురించి. గదికి కనెక్షన్ రాదు, చిరునామా ధృవీకరణ ఉండదు, అందుకే పెద్ద బండ నుంచి చిన్న బండలోకి దొంగచాటుగా నింపి అమ్మేవాళ్ల దగ్గర కొంటారు. అలా నింపేచోట వాల్వు పరీక్ష ఉండదు, ఎంత నింపారో కొలత ఉండదు. ద్రవం వేడికి వ్యాకోచించడానికి వదలాల్సిన ఖాళీ కూడా మిగలదు. వాళ్లను తిట్టి లాభం లేదు, ఆకలికి వేరే దారి చూపాలి. ఇండేన్ ఛోటూ వంటి 5 కిలోల బండలు చిరునామా ధృవీకరణ లేకుండా, గుర్తింపు కార్డు ఒక్కటి చూపితే ఏజెన్సీల్లోనూ పెట్రోలు బంకుల్లోనూ దొరుకుతాయి. ఖరీదు కాస్త ఎక్కువే, నలుగురు పంచుకుంటే భరించదగ్గదే. గదులు అద్దెకిచ్చే యజమానులు వంట చేసుకోవద్దని నోటిమాటగా చెప్పి చేతులు దులుపుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. అందరికీ ఒక వంటగది, దానికి నేలమట్టంలో గాలి పోయే మార్గం ఏర్పాటు చేయడం వాళ్ల బాధ్యత.

ముక్కు అసలే అక్కరకు రాని ప్రమాదం ఇంకొకటి ఉంది, గ్యాస్ గీజర్. చిన్న బాత్రూమ్ తలుపేసుకుని స్నానం చేస్తుంటే ఆక్సిజన్ తగ్గి గ్యాస్ సగం సగం మండుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. స్నానానికి వెళ్లిన అమ్మాయి పడిపోయింది, ఫిట్స్ వచ్చాయంటూ తీసుకొస్తారు. బయటి గాలి తగిలి దారిలోనే తేరుకుంటుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా మోసపోయి అంతా బాగున్నట్టు చూపిస్తుంది. తలకు స్కాన్ తీస్తారు, మూర్ఛ మందులు మొదలుపెడతారు, గీజర్ మాత్రం అక్కడే ఉంటుంది. ఇలాంటి కేసులో స్నానం దేనితో చేశారని అడగడం డాక్టరు పని. గీజర్ బాత్రూమ్ బయట, గాలి ఆడేచోట ఉండాలి. వాసన లేదు కదా అని ఇక్కడ ధైర్యం చెప్పుకోవడానికి వీల్లేదు.

నీళ్లు మంచివో కావో నాలుకతో తేల్చుకునే కాలం మన నగరం దాటి వచ్చింది. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో పరీక్ష చేసి చెబుతారు. గాలి విషయంలో మాత్రం ఇంకా ఇంద్రియాన్నే నమ్ముతున్నాం, ఆ ఇంద్రియాన్ని పరీక్షించాలన్న ఆలోచన మా వైద్యులకే లేదు. పెద్దవయసు మనిషి వస్తే షుగరూ బీపీ చూస్తాం, కళ్లూ చెవులూ అడుగుతాం, ముక్కు సంగతి వదిలేస్తాం. దీనికి యంత్రాలు అక్కర్లేదు. కళ్లు మూసుకోమని, ఒక్కో ముక్కుపుటం దగ్గర కాఫీపొడి, కాసేపాగి ఇంగువ పెట్టి ఏమిటో చెప్పమంటే చాలు, ఇంట్లోవాళ్లే చేయవచ్చు. చెప్పలేకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. ఆ రోజు నుంచే రాత్రి రెగ్యులేటర్ కట్టేసే పని ఇంట్లో ఒకరికి పేరుపెట్టి అప్పగించాలి, డిటెక్టర్ కింద బిగించాలి. ఇద్దరు పెద్దవాళ్లే ఉండి ఇద్దరికీ వాసన తెలియకపోతే గ్యాస్ మానేసి ఇండక్షన్ పొయ్యికి మారమని నేను నిస్సంకోచంగా చెబుతాను, కరెంటు బిల్లు పెరుగుతుందని తెలిసే.