పాతబండికి ప్రాచీన హోదా

అనువాదమే వృత్తిగా బతుకుతున్న నన్ను ఇరవై ఏళ్ళుగా తిప్పలు పెడుతున్న మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో 'క్లాసిక్' ఒకటి. సంగీతం పక్కన నిలిస్తే ఇది 'శాస్త్రీయం' అవుతుంది. పుస్తకం పక్కన నిలిస్తే 'ఉత్తమ గ్రంథం' అవుతుంది. భాష పక్కకు వచ్చేసరికి 'ప్రాచీనం' అయి కూర్చుంటుంది. 2008లో తెలుగుకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన గౌరవాన్ని మనమంతా 'ప్రాచీన హోదా' అనే పిలుచుకున్నాం. ఆ హోదాకు పెట్టిన నియమాలలో వయస్సు ఒకటి మాత్రమే. విలువైన సాహిత్యం ఉండాలి, ఆ సంప్రదాయం అరువు తెచ్చుకున్నది కాకూడదు అన్నవి కూడా అప్పుడు ఉండేవి. అయినా మన మాటలో వయస్సొక్కటే మిగిలింది. మూలార్థం చూడబోతే మరీ విడ్డూరం. రోము నగరంలో ఆస్తిని బట్టి పౌరులను తరగతులుగా విభజించినప్పుడు, అగ్రశ్రేణి ధనికుణ్ణి 'క్లాసికస్' అన్నారు. అంటే పుట్టుకతో ఇది పన్నుల లెక్కలో మాట. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఆలస్ గెల్లియస్ దీన్ని రచయితలకు అన్వయించిన తరువాతనే ఇది సాహిత్యంలోకి నడిచి వచ్చింది.

ఒక రచన క్లాసిక్ అవునో కాదో కాలం గడిచిన తరువాత వెనుదిరిగి చూస్తేనే తెలుస్తుందని టి.ఎస్. ఎలియట్ 1944లో వర్జిల్ సంఘంలో చేసిన ప్రసంగంలో అన్నాడు. కళాశాల రోజులలో ఆ ప్రసంగం చదివి, ఇంతకన్నా నిర్వివాదమైన మాట ఉండదనుకున్నాను. మోటారు బళ్ళను సేకరించేవారికి అంత ఓపిక లేదు. వారు 'కాబోయే క్లాసిక్' అనే మాటను పుట్టించారు. ఆ మాట నిరుడు మా ఇంటి గుమ్మందాకా వచ్చింది.

నా దగ్గర 2002 నాటి టాటా సఫారీ ఒకటి ఉంది. 2004 సునామీ తరువాత పునర్నిర్మాణపు పనులకు వచ్చిన ఒక కాంట్రాక్టరు దాన్ని ఓడమీద ఈ దీవికి తెచ్చుకున్నాడు. పనులు ముగిసి 2011లో స్వస్థలానికి మరలిపోతూ, తిరుగు ఓడ కిరాయి దండుగని నాకు అమ్మివేశాడు. నిరుడు హైదరాబాదునుండి విహారానికి వచ్చిన ఒక పెద్దమనిషి, పాతబళ్ళ మీద మోజున్నవాడు, దాన్ని చూసి ఆగిపోయాడు. నేను కొన్న ధరకు రెట్టింపు ఇస్తానన్నాడు. ఇస్తూనే ఒక హితవు కూడా చెప్పాడు: "ఇది రేపటి క్లాసిక్ అండీ. మొదటి రూపంలో ఉన్న సఫారీలు నానాటికీ కరిగిపోతున్నాయి. మీరు అమ్మినా అమ్మకపోయినా, ఇకమీదట దీన్ని నడపకండి."

ఈ హితవులోని చిక్కు పాఠకులకు అర్థం కావాలంటే మా ఊరి సంగతి కొంత చెప్పాలి. బాంబూఫ్లాట్ దక్షిణ అండమాన్‌లో, శ్రీ విజయపురానికి, అంటే 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న పట్టణానికి, ఎదుటి ఒడ్డున ఉంది. వెనుక మౌంట్ హేరియట్ కొండ. 2021లో దానికి మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. ఎదుట ఛాథం దీవి, దానిమీద 1883 నాటి రంపపు మిల్లు. బళ్ళనూ మనుషులనూ మోసే ఫెర్రీ ఎక్కితే పది పదిహేను నిమిషాలలో ఆవలి ఒడ్డు. ఫెర్రీ లేని వేళ అదే పట్టణానికి వింబర్లీగంజ్, ఫెరార్‌గంజ్‌ల మీదుగా చుట్టు తిరిగి నలభై కిలోమీటర్లకు పైగా పోవాలి. ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. 2019 వానాకాలంలో ఒక అర్ధరాత్రి పొరుగింటి అమ్మాయిని కాన్పుకు పెద్దాసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. దారిలో ఒకచోట కొండచరియ కరిగి రోడ్డు మీదికి మోకాటి లోతు బురద దిగింది. లో గేరు వేసి, నాలుగు చక్రాలనూ పనిలో పెట్టి, నత్తలా దాటించాను. తెల్లవారకముందే మగపిల్లవాడు పుట్టాడు. ఆ పిల్లవాడు ఇప్పుడు బడికి పోతూ మా బండి కనబడితే చెయ్యి ఊపుతాడు. ఇటువంటి ఊళ్ళో నాలుగు చక్రాల చోదనంగల బండిని గుడ్డ కప్పి ఉంచడమంటే, నిచ్చెనను అటకమీద దాచడంలాంటిది.

అయినా ఆ పెద్దమనిషి మాటను తేలికగా తీసివేయడానికి మనసొప్పలేదు. ఈ జాతి బళ్ళలో ఏవి నిలిచాయో, ఎందుకు నిలిచాయో తెలుసుకోవాలనిపించింది.

విలాసమూ మొరటుతనమూ కలిసిన బండి అనగానే అందరూ చెప్పే పేరు రేంజ్ రోవర్. 1970 జూన్‌లో ఇంగ్లండులో వెలువడింది. అల్యూమినియంతో పోతపోసిన ఎనిమిది సిలిండర్ల 3.5 లీటర్ల ఇంజను, అన్నివేళలా నాలుగు చక్రాలకూ అందే శక్తి, జీపులకు అలవాటైన కమాను కట్టల స్థానంలో కాయిల్ స్ప్రింగులు. ధర 1,998 పౌండ్లు. విశేషమేమంటే, మొదటి రేంజ్ రోవర్‌లో మనమనుకునే విలాసమేదీ లేదు. తలుపులు రెండే. సీట్లకు తోలు కాదు, వినైల్. నేలమీద రబ్బరు పట్టాలు. పొలంనుండి వచ్చి నీళ్ళగొట్టంతో కడుక్కోవచ్చు. నాలుగు తలుపులు 1981లో వచ్చాయి. తోలు సీట్లు, కొయ్య పలకలు, గాలి దిండ్లమీద తేలే సస్పెన్షను ఒక్కొక్కటే తరువాతి ఏళ్ళలో చేరాయి. పనిముట్టుగా పుట్టి క్రమంగా పల్లకీ అయిందన్నమాట. 1971-72లో బ్రిటిష్ యాత్రికులు రెండు రేంజ్ రోవర్లతో అలాస్కానుండి దక్షిణ అమెరికా కొసదాకా, రోడ్డే లేని డేరియన్ అడవిని చీల్చుకుని పోయారు. 1979లో జరిగిన మొట్టమొదటి పారిస్-డాకర్ పందెంలో కార్ల విభాగంలో గెలిచింది కూడా రేంజ్ రోవరే. 1994లో కొత్త నమూనా వచ్చినప్పుడు, ఇంకా కర్మాగారంనుండి వెలువడుతూనే ఉన్న పాతదానికి కంపెనీవారే 'క్లాసిక్' అని పేరు పెట్టారు. బతికుండగానే బిరుదు పుచ్చుకున్న బండి అది. 2017లో కంపెనీవారు 1978 నాటి రెండు తలుపుల బళ్ళను పదింటిని ఏరి, విప్పి, మళ్ళీ బిగించి ఒక్కొక్కటి 135,000 పౌండ్లకు పైగా ధరతో అమ్మకానికి పెట్టారు. వారు ఏరుకున్నది పల్లకీ దశను కాదు, పనిముట్టు దశను.

దీనినుండి నేను గ్రహించినది ఒకటుంది. విలాస వాహనంలో ముందుగా ముసలిదయ్యేది విలాసమే. అద్దాలను ఎత్తే మోటారు, మీట నొక్కితే పడే తాళాలు, లెక్కలు కట్టే ఎలక్ట్రానిక్ పెట్టెలు, ఇవి పదిహేనేళ్ళకు మూగబోతాయి. ఆ పెట్టెలను తయారుచేసేవారు కూడా అప్పటికి మరో పనిలో ఉంటారు. మిగిలేది చాసీ, ఇంజను, గేరుపెట్టె, రూపం. అందువల్ల కాబోయే క్లాసిక్‌ను ఎంచేవాడు బండిలోకి కాదు, బండి కిందికి చూడాలి.

మా ఊళ్ళో ఆ పని చేసేవాడు శ్రీకాకుళం ప్రాంతంనుండి వచ్చి స్థిరపడిన మేస్త్రి. పరీక్షాసాధనాలు రెండే: చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవరు. బండి కింద పడుకుని చాసీ పొడుగునా తడుతూ పోతాడు. మంచి ఉక్కు గణగణమంటుంది. లోపల తుప్పు తిన్నచోట శబ్దం మొద్దుబారుతుంది. అక్కడ స్క్రూడ్రైవరు మొన ఆనించి నొక్కుతాడు. ఈ ఉప్పుగాలి చేసే పని పైకి కనబడదు. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడు గాలిలోని తేమను తనవైపు లాక్కుంటుంది. ఎండిపోయినట్లు కనిపించే రేకు నిజానికి ఎప్పుడూ చెమర్చే ఉంటుంది. అల్యూమినియం రేకును ఉక్కు చట్రానికి బిగించినచోట మరొక ఆపద: రెండు లోహాల నడుమ ఉప్పునీరు చేరితే అది చిన్న బ్యాటరీలాగా పనిచేసి అల్యూమినియాన్ని బూడిదలా రాల్చివేస్తుంది. రేంజ్ రోవర్‌కు పైతొడుగు చాలావరకు అల్యూమినియం, లోపలి చట్రం ఉక్కు. వెలుపల నిగనిగలాడుతూనే లోపల నేలరేకూ వెనుక తలుపు చట్రమూ తుప్పుపట్టిన బళ్ళ కథలు ఆ బళ్ళ అభిమానులందరికీ తెలిసినవే.

నివారణోపాయం మంచినీళ్ళతో అడుగు కడగడం. ఎండాకాలంలో తాగేనీటికే వంతులు పడే దీవిలో బండి అడుగున మంచినీళ్ళు చల్లితే ఇరుగుపొరుగు ఏమనుకుంటారు? అందుకని వానాకాలంలో కప్పునుండి పడే నీటిని పీపాలలో పట్టి ఆ పనికి ఉంచుకుంటాను. ఆపైన మేస్త్రి వాడిన ఇంజన్ ఆయిలు పులుముతాడు. అందానికి పనికిరాదు, వాసన కూడా ఉంటుంది, కాని తుప్పు దాని జోలికి రాదు.

ఆ పెద్దమనిషి వచ్చి వెళ్ళిన వారానికి బండిని మేస్త్రి ముందు పెట్టి పూర్తిగా చూడమన్నాను. రెండు గంటలు తట్టి, నొక్కి, బయటికి వచ్చి, "ఎముక గట్టిగున్నాది బాబూ, తోలు మాట నన్నడక్కండి," అన్నాడు. తోలు మాట నాకూ తెలుసు. ఉప్పుగాలి తీగలను తినగా రెండు అద్దాలు దిగవు. వెనుకవారికి చల్లగాలి రాక అయిదేళ్ళయింది. 1998లో ఈ బండి దేశంలో ప్రవేశించినప్పుడు ఇవే దాని ఘనత. విదేశీ బండి కొనలేని మధ్యతరగతి ఉన్నతికి అదొక చిహ్నం. 1948 సీసీల డీజిల్ ఇంజనుకు ఆ బరువు లాగడం ప్రయాసే. ఎక్కుడు దారిలో దాని నిట్టూర్పు వినబడుతుంది. నిష్పాక్షికంగా చెబితే అది మహావాహనం కాదు. కాని 1991 నాటి సియెర్రా వెనుక నడిచి వచ్చి, మన దేశంలో మనవారు గీసుకున్న విలాసపు కొండబండి అది. మెట్టులా లేచిన కప్పు, వీపున మోసే అయిదో చక్రం, చూడగానే గుర్తుపట్టే రూపం. టాటావారు 2008లో ఫోర్డు కంపెనీనుండి ల్యాండ్ రోవర్‌ను కొనుక్కున్నారు. పాత సఫారీ వంశం 2019లో ముగిసింది. 2021లో అదే పేరుతో వచ్చిన కొత్తదానికి ల్యాండ్ రోవర్ వారసత్వపు చట్రం దక్కింది గాని నాలుగు చక్రాల చోదనం దక్కలేదు. ఇన్ని కారణాలవల్ల పాతదానికి గిరాకీ పెరుగుతుందన్న ఆ పెద్దమనిషి అంచనాతో నాకు పేచీ లేదు.

పేచీ అల్లా మధ్యకాలంతోనే. మన చట్టం ప్రకారం సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు. ఆ తరువాత అయిదేళ్ళకొకసారి పరీక్షకు పెట్టి పొడిగించుకోవాలి. పొడిగింపు రుసుము ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. నేను ఆ ఏడాది నవంబరులో ఆ మొత్తం కట్టాను. పాతబళ్ళను తుక్కుకు పంపించాలన్నది ప్రభుత్వ ధ్యేయం. పొగ సంగతి ఆలోచిస్తే అది అన్యాయమనీ అనలేను. అదే ప్రభుత్వం 2021లో మరొక నియమం కూడా చేసింది: యాభై ఏళ్ళు దాటి, మూలరూపం చెడని బండిని 'వింటేజ్' వాహనంగా నమోదు చేసుకోవచ్చు, 20,000 రూపాయలు కట్టి ప్రత్యేక సంఖ్య పొందవచ్చు, ప్రదర్శనలకు తప్ప నిత్యావసరాలకు నడపకూడదు. అంటే నా బండి 2017నుండి వృద్ధాప్యంలో ఉంది, 2052లో పూజ్యమవుతుంది. అప్పటికి నాకు డెబ్బై దాటుతాయి. మధ్యలోని ముప్ఫై అయిదేళ్ళు అది చట్టానికి బరువు, బజారుకు తుక్కు, పిల్లలకు నవ్వులాట. ఆ కాలమంతా ఎవరో ఒకరు దాన్ని భరిస్తేనే తరువాతివారికి క్లాసిక్ అంటూ ఒకటి ఉంటుంది.

గ్రంథాల సంగతీ ఇంతే కదా అనిపించింది. నన్నయ చేతిరాత తాళపత్రం మనకు దక్కలేదు. దక్కినవి ప్రతులకు ప్రతులు. తేమకూ పురుగుకూ లొంగిపోయే ఆకుమీది కావ్యాన్ని ఎవరో అనామక లేఖకుడు కొత్త ఆకుమీదికి ఎక్కించకపోతే, 19వ శతాబ్దంలో బ్రౌన్ దొర వచ్చి సేకరించి ప్రతులు రాయించడానికి ఏమీ మిగిలేది కాదు. ఆ లేఖకులు కావ్యాన్ని చదువుకుంటూ, చెప్పుకుంటూ, వాడుకుంటూనే కాపాడారు. సేకర్తలకు మాత్రం కర్మాగారంలో బిగించిన మరయే కావాలి. మేస్త్రి వేసిన అతుకు వారి కంటికి లోపం. అతుకు వేయబట్టే అది ఉన్నదన్న సంగతి ధరలో లెక్కకు రాదు.

ఇంట్లో మాత్రం చర్చ ఇంత గంభీరంగా సాగలేదు. విశాఖపట్నంలో చదువుతున్న అమ్మాయికి ఆ జూలైలో ఫీజు కట్టవలసి ఉంది. "ఏమండీ, తుప్పుకు తోడు మీరు కూడా వాదన పెట్టుకుంటే ఎట్లా? ఆ డబ్బుతో రెండేళ్ళ ఫీజు వెళ్ళిపోతుంది," అన్నది మా ఆవిడ. ఆమె లెక్కలో తప్పు లేదు. నేను మూడు రోజులు ఆగి, ఒక చేతిపుస్తకాల అనువాదపు పని ఒప్పుకుని, ఆ బయానాతో ఫీజు కట్టి, హైదరాబాదుకు ఉత్తరం రాశాను: బండి అమ్మడంలేదు, నడపడమూ మానడంలేదు. ఆయన మర్యాదస్థుడు. ఎప్పటికైనా మనసు మారితే తనకే మొదట చెప్పమని, చాసీకి నూనె పులమడం మాత్రం ఆపవద్దని జవాబిచ్చాడు.

2027 నవంబరులో మళ్ళీ పరీక్ష. ఈలోగా వెనుక తలుపు రబ్బరు మార్చాలి, రేడియేటరు గొట్టాలు రెండు తెప్పించాలి. చెన్నైనుండి వచ్చే ఓడలో అవి వస్తాయని మేస్త్రి కబురు పంపాడు. దిగని అద్దాల మోటార్లు కూడా రాయమంటారా అని అడిగించాడు. అక్కరలేదని, ఆ డబ్బుకు ముందు బ్రేకు దిమ్మలు తెప్పించమని చెప్పాను.