అమ్మ సంతకం

నవంబరు 3, 2024, ఆదివారం, బెళ్ళందూరు

పెన్షన్‌దారులకు ఇది లైఫ్ సర్టిఫికెట్ నెల. 2021 నుంచి ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలు. అమ్మ పని పొద్దున్నే అయిపోయింది. కానీ ఆ పెన్షన్ ఎంతో, ఎందుకు వస్తోందో ఆమెకు నిలకడగా గుర్తుండటం లేదు. నాయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక వస్తున్న కుటుంబ పెన్షన్, రెండు ఎఫ్‌డీలు, గుంతకల్లులో ఇల్లు: ఇదీ అమ్మ ఆస్తి. మొన్న ఎవడో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చదివి వినిపించేసింది. పోయింది కొంచెమే. అయినా ఇక నాన్చకూడదు.

నవంబరు 5, మంగళవారం

హైదరాబాదు నుంచి అన్న, న్యూజెర్సీ నుంచి చెల్లి, ఇక్కడ నేను. రాత్రి ఫోన్‌లో ముగ్గురం మాట్లాడుకున్నాం. "పవర్ ఆఫ్ అటార్నీ రాయించి రిజిస్టరు చేసేద్దాం, ఇక దిగులుండదు" అన్నాడు అన్న. చెల్లీ అదే మాట అంది. తనుండే అమెరికాలో మనిషికి మతి తప్పినా చెల్లుబాటయ్యేలా దాన్ని రాయించుకోవచ్చు.

ఇక్కడ చెల్లదు. సాయంత్రమే వకీలును అడిగి తెలుసుకున్నాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషి మతి కోల్పోతే ఆ అధికారం రద్దవుతుంది. అంటే సరిగ్గా అవసరపడే రోజుకు ఆ కాగితం చేతిలో ఉండీ లేనట్టే.

నవంబరు 9, శనివారం

వారమంతా ఇదే చదువుతున్నాను, కోపం వస్తోంది. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో రోగి ఆస్తికి కోర్టు ద్వారా మేనేజరును పెట్టించుకునే దారి ఉండేది. దాని స్థానంలో 2017లో వచ్చిన చట్టం ప్రతినిధిని ఎంచుకోమంటుంది, అదీ వైద్యం వరకే. డబ్బు ఊసు లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం చెప్పే వైకల్యాల్లో అమ్మకున్న డిమెన్షియా పేరు లేదు. చివరికి మిగిలేది 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్. కోమాలో ఉన్నవారి సంరక్షకుల విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది: మెడికల్ బోర్డు పరీక్షించాలి, సంరక్షకులు ఆరు నెలలకోసారి నివేదిక దాఖలు చేయాలి.

దేశంలో డిమెన్షియా ఉన్న పెద్దలు 88 లక్షల మంది అని 2023లో వచ్చిన అంచనా. ఇన్ని ఇళ్ళవాళ్ళు హైకోర్టు మెట్లు ఎక్కగలరా? మతి తప్పినవారి వ్యవహారాలు చూసేందుకు ఇంగ్లండు 2005లో, సింగపూరు 2008లో చట్టం చేసుకున్నాయి. మనకెందుకు లేదు?

ఆ ఆరు నెలల నియమం మాత్రం నాకు నచ్చింది. కోర్టు అడగకపోయినా లెక్క చూపించాలి. రోజూ అన్నం పెట్టే చేయి, డబ్బు పట్టే చేయి ఒకటే అయినప్పుడు మరో రెండు కళ్ళు దాన్ని చూస్తుండాలి. ఆ చేయి నాదైనా సరే.

నవంబరు 10, ఆదివారం

అమ్మకు పొద్దున పూట మనసు తేటగా ఉంటుంది. మామూలుగా మతి నిలవని మనిషి కూడా తెలివిలో ఉన్న వేళ ఒప్పందం చేసుకోవచ్చని చట్టమే అంటోంది. డాక్టరు కూడా చెప్పారు: డిమెన్షియా అన్న పేరు పడగానే ఆమె మాటను పక్కన పెట్టొద్దు, ఒకే ప్రశ్నను వేర్వేరు పూటల్లో అడిగి చూడండి అని.

కాఫీ తాగాక అడిగాను. "మా, నీ డబ్బు ఎవరు చూసుకుంటే బాగుంటుంది?"

చాలాసేపు మాట్లాడలేదు. మరిచిపోయిందనుకుని మళ్ళీ అడగబోతే చేత్తో ఆపింది.

"పెన్షన్ నువ్వు చూసుకో. మందులు తెచ్చేది నువ్వే గదా. బ్యాంకులో ఉండే డబ్బు పెద్దోనికి చెప్పు. చిన్నదానికి తెలీకుండా ఏమీ చేయొద్దండి. దూరంగా ఉందని దాన్ని వదిలేస్తే ఎట్ల?" కాసేపాగి, "ఇల్లు మాత్రం అమ్మొద్దు పాపా" అంది.

మధ్యాహ్నం అన్న ఫోన్‌లో అడిగాడు. మాటలు మారాయి, జవాబు మారలేదు. ఇల్లు అమ్మేసి ఆ డబ్బు ఆమె పేరునే వేద్దామన్నది అన్న ఆలోచన. విని ఊరుకున్నాడు. చెల్లి ఏడ్చింది.

నవంబరు 18, సోమవారం

అన్న వచ్చాడు. డాక్టరు సర్టిఫికెట్ తీసుకుని బ్యాంకుకు వెళ్ళాం. ఆఫీసరమ్మ మమ్మల్ని పక్కకు కూర్చోబెట్టి అమ్మనే అడిగింది. అది నాకెంతో మర్యాదగా తోచింది. అమ్మ తెలుగులో నిదానంగా సంతకం పెట్టింది.

ఎఫ్‌డీల్లో అన్న పేరు 'ఐదర్ ఆర్ సర్వైవర్'గా చేరింది. గడువుకు ముందు తీయాలంటే ఇద్దరి సంతకాలూ అడుగుతారట, అందుకని ఒక్కరు తీసే అనుమతి కూడా ఇప్పుడే రాయించాం. పెన్షన్ ఖాతా అమ్మ పేరునే ఉంటుంది. పడిన డబ్బు నెలనెలా అమ్మా నేనూ కలిసి తెరిచిన ఖాతాకు మారుతుంది. రేపు సంతకం పెట్టలేని స్థితి వస్తే, బ్యాంకు అధికారి ఒకరు, మరో సాక్షి ఎదుట వేలిముద్రతో పెన్షన్ తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు నియమం ఉంది.

పేరు చేరినంత మాత్రాన డబ్బు అన్నదీ కాదు, నాదీ కాదు. ఆ మాట కాగితం మీద రాసి ఇద్దరం సంతకం చేశాం, చెల్లికి పంపాం. ఈ నెల 30 నుంచి మందులు, ఆయా జీతం, పండ్ల దాకా ప్రతి ఖర్చు లెక్కా ముగ్గురికీ వెళ్తుంది. గుంతకల్లు ఇల్లు అమ్మడం లేదు.