హంతకుడెవరో తెలుగులో చెప్పండి



సెలవులకు మనవళ్లు పావగడ వస్తే మేము క్లూడో పెట్టె తీస్తాం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులో ఆంథనీ ప్రాట్ అనే ఆయన కనిపెట్టిన ఆట, 1949లో అమ్మకానికొచ్చింది. ఆరుగురు అనుమానితులు, ఆరు ఆయుధాలు, తొమ్మిది గదులు. హంతకుడు, ఆయుధం, గది, ఈ మూడు ముక్కలూ కవరులో దాస్తారు. 324 రకాలుగా ఉండొచ్చు. ఒకరినొకరు అడుగుతూ, కానివి కొట్టేస్తూ పోవాలి.

మా ఇంట్లో ఒకటే షరతు: అడిగేది తెలుగులోనే. స్పానర్‌ని పానా అంటాం, క్యాండిల్‌స్టిక్‌ని దీపపు సెమ్మె అంటాం. ఇంగ్లీషు దొర్లితే ఆ వంతు పోయినట్టే.

మేము చదివింది తమిళంలో. డిటెక్టివ్ అంటే మాకు తమిళవాణన్ రాసిన శంకర్‌లాలే. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ని రైల్వేలో గుమాస్తాగా చేరాక కూడబలుక్కుని చదివాం. అయినా తెలుగు పోలేదు, ఇంట్లో అవ్వాతాతలతో వాదులాడాం కాబట్టి.

మన పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతారు, చదవాల్సిందే. తెలుగుకు మిగిలింది ఇల్లే. "అన్నం తిను, పడుకో" అంటే భాష నిలవదు. అనుమానించాలి, ఎదురడగాలి, రుజువు చూపాలి. ఈ ఆటలో అవన్నీ ఉన్నాయి.

సంఘానికి ఒక పెట్టె కొందామా? మీ మాట చెప్పండి, తెలుగులోనే.