పాత ముక్క తెచ్చారా?

విడిభాగాల దుకాణంలో బల్లకు అవతలి మనిషి ముందుగా అడిగేది మోడల్ నెంబరు. యంత్రం కర్మాగారం నుంచి వచ్చిన రోజున యెలా వుందో అలాగే వుంటే ఆ ప్రశ్నకు జవాబు వుంటుంది. మన పల్లెల్లో యంత్రం అలా వుండదు. చేతులు మారుతుంది, సానలు పడుతుంది, వొకదాని ముక్క మరొకదానికి అతుకుతుంది. అప్పుడు దాని చరిత్ర కేటలాగులో వుండదు, బాగుచేసినవాడి జ్ఞాపకంలో వుంటుంది.

అనకాపల్లి దగ్గర మా బావగారికి చెరుకు గానుగ వుంది. దాన్ని తిప్పేది 6 హార్సుపవర్ల లిస్టరు తరహా ఆయిల్ ఇంజను. నిమిషానికి 650 చుట్లు. ఇంగ్లండులోని డర్స్‌లీలో తయారైన పాత నమూనాను చూసి రాజ్‌కోట్ చిన్న కర్మాగారాలు పోసినది. చెరుకు నరికి గానుగ దగ్గర వేశాక దాని బిగ్ ఎండ్ బేరింగు కొట్టుకోవడం మొదలెట్టింది. నరికిన చెరుకు రోజుల తరబడి పడివుంటే రసం చెడి బెల్లం గట్టిపడదు. షావుకారు వడ్డీ మాత్రం గట్టిగానే వుంటుంది.

ముక్క కోసం నన్ను విశాఖపట్నం పంపారు. రెండు దుకాణాలవాళ్లు నెంబరు అడిగి, నేను చెప్పలేకపోతే మరో బేరం చూసుకున్నారు. మూడోచోట వొక పెద్దాయన, "నెంబరు సంగతి వొదిలెయ్యండి మాష్టారూ, పాత ముక్క తెచ్చారా?" అన్నాడు. చమురు తుడిచి వెనక్కి తిప్పితే 20 అనే అంకె కనిపించింది. అంటే క్రాంకు అప్పటికే అంగుళంలో వెయ్యింట 20 వంతులు సన్నబడింది. మేస్త్రీ రాసిచ్చిన కొలత చూసి, యిప్పుడు 30కి సాన పట్టక తప్పదన్నాడు. ఆ సైజు ముక్క తన దగ్గర లేదు. అమ్ముకోవడానికి 20 ముక్క వున్నా అమ్మలేదు; పాతదానిలోనే వైట్‌మెటల్ పోయించి కొలతకు తొలిపించుకొమ్మని వొక టర్నరు దగ్గరికి పంపాడు.

బోల్టుల తగవు వేరు. ఆ కాలపు ఆంగ్ల యంత్రాల్లో అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 మరచుట్లు, కోణం 55 డిగ్రీలు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన లెక్క అది. 1956 చట్టంతో మనం మెట్రిక్ దారి పట్టాం. ఆ మర కోణం 60 డిగ్రీలు. 12 మిల్లీమీటర్ల బోల్టు అర అంగుళం నట్టులో లొడలొడలాడుతుంది. పెద్దాయన రెండు సొరుగులూ వుంచాడు, ఏది యే యంత్రానిదో చీటీ లేకుండానే తెలుసు.

డర్స్‌లీలో ఆ ఇంజను తయారీ 1987లో ఆగింది. కంపెనీ వొదిలినా ముక్క చావకపోవడానికి కారణం పోతపనివాళ్లూ, టర్నర్లూ. దీన్ని నకలు అని యీసడించేవాళ్లున్నారు. వాళ్ల గానుగ యెన్నడూ ఆగి వుండదు. కొత్త యంత్రాల్లో చిన్న ముక్క పోతే సెట్టు మొత్తం కొనమనడం పెరుగుతోంది. మరమ్మతు హక్కు గురించి కేంద్రప్రభుత్వం 2022లో వేసిన కమిటీ వ్యవసాయ పరికరాలను కూడా లెక్కలోకి తీసుకుంది. మంచిదే. కంపెనీ నక్షాలూ, ముక్కలూ యివ్వాల్సిందే. అయితే వెనక అంకె చూసి క్రాంకు వయస్సు చెప్పే చదువును యే కమిటీ యెవరి దగ్గర రాయించుకుంటుంది?

టర్నరు మర్నాటి సాయంత్రానికి పని ముగించాడు. డబ్బు లెక్కపెట్టుకోకముందే వొక అట్టముక్క మీద కొత్త కొలత రాసి, ఇంజను పక్క గోడకు కొట్టమని నా చేతికిచ్చాడు.